చెప్పుల కాపలా

కాశింపీరాకు జామకాయల బండి ఉంది. బండికి మున్సిపాలిటీ వాళ్లిచ్చిన కార్డుంది. కార్డు మీద ఫోటో, నంబరు, గుండ్రటి ముద్ర, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా నీడ.

బస్టాండు రోడ్డులో తూర్పు వరస అతనిది. మధ్యాహ్నం తిరిగితే ఎండంతా ఆ వరస మీదే. పొద్దున కోసిన కాయ మూడింటికల్లా ముసలిదాని చెంపలా వాడిపోతుంది. ఎదురుగా పడమటి వరసలో పాత గోడౌను గోడ నీడ చల్లగా పరుచుకుని ఉంటుంది. ఆ నీడలో ఓబుళమ్మ మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంది. ఇరవై ఏళ్లుగా ఆ చోటు ఆమెదే. కానీ కార్డు రాలేదు.

కార్డు లేని బండిని రేపు లారీ ఎక్కిస్తారు. లెక్కలో పేరు తప్పిపోయిన వాళ్లు ఎవరన్నా ఉంటే, కార్డున్న ఎదురుబండి మనిషినో పక్కబండి మనిషినో సాక్ష్యం తెచ్చుకోవచ్చునని ఆఫీసు గోడకు కాగితం అంటించారు. గడువు ఈ రోజే, గురువారం సాయంత్రం ఐదింటి దాకా.

పొద్దున్నే ఓబుళమ్మ మసిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"తమ్ముడా, ఒక్క మాట వచ్చి చెప్పు. నీ మాటైతే చెల్లుతుందంట."

"చూద్దాంలే అక్కా," అన్నాడు కాశింపీరా. అప్పటికే అతని జేబులో ఇంకో కాగితం ఉంది. ఎదుటి చోటు ఖాళీ అని, దాన్ని తనకు మార్చి ఇమ్మని, డబ్బులిచ్చి మరీ రాయించుకున్నాడు.

ఊరికే చేసే పని కాదది. మూడేళ్ల కిందట ఒక కొనుగోలుదారు ముందర ఓబుళమ్మ నవ్వుతూ ఒక మాటంది. "కొరికే ముందు చూసుకో నాయనా, మా తమ్ముడి కాయలో ఒకోసారి ఇంటివాళ్లుంటారు." రోడ్డంతా నవ్వింది. పురుగు ఎప్పుడో చచ్చింది గానీ ఆ నవ్వు మాత్రం కాశింపీరా చెవిలో బతికే ఉంది.

అయినా కాగితం ఆఫీసులో ఇచ్చే ముందు ఒకసారి గురువు చెయ్యి తల మీద పెట్టించుకుందామని మధ్యాహ్నం దర్గాకు పోయాడు. కొత్త చెప్పులు ముందువాకిట్లో విడిచి లోపలికెళ్లాడు. బుడన్ సాయిబు వరండాలో బొంత కుట్టుకుంటున్నాడు. పదేళ్లుగా కాశింపీరాకు ఆయనే గురువు.

"దువా చెయ్యండి సామీ. ఒక పని మీద పోతున్నా." అని సంగతంతా చెప్పాడు.

బుడన్ సాయిబు దారం పంటితో కొరికాడు.

"ఓబుళమ్మ పేరెందుకు రాసుకోలేదు?"

"కార్డులకు పేర్లు రాసుకునే లెక్కల వాళ్లు వచ్చిన రోజు ఆమె బండి దగ్గర లేదు సామీ. బండి దగ్గర మనిషుంటేనే రాస్తారు. రూలు రూలే గదా?"

"నువ్వుంటివా?"

"నేను ఉరుసు పందిరి వేయనీకి ఇక్కడికే వస్తిని గదా, మీరే పిలిపిస్తిరి."

"మరి నీ పేరు ఎట్లా ఎక్కింది?"

"ఓబుళమ్మను చూస్తుండమని చెప్పొస్తిని. ఆమె నా బండి దగ్గర నిలబడి, నీళ్లకు పోయినాడు, ఇప్పుడొస్తాడు అని రాయించింది. ఆమె వరస ఒక గుంపు, మా వరస ఒక గుంపు రాసుకుంటా పోయినారంట. ఆమె రోడ్డు దాటేలోపల ఆ వరస రాసేవాళ్లు వెళ్లిపోయినారు." కాశింపీరా గొంతు సవరించుకున్నాడు. "అది వేరే సంగతిలే సామీ."

"వేరే సంగతే," అన్నాడు బుడన్ సాయిబు.

సూది బొంతకు గుచ్చి లేచాడు. "నా చెప్పులు వెనకవాకిట్లో ఉన్నాయి. నేను నమాజు చేసుకొని వస్తా. వాటి దగ్గర నిలబడు. కదలొద్దు."

గురువారం జనం ఎక్కువ. వాకిట్లో చెప్పులు కుప్పపడి ముసలివాళ్లు తట్టుకొని పడుతుంటారని దర్గా చూసుకునే ముజావరు ఒక కట్టడి పెట్టాడు. దగ్గర మనిషి లేని చెప్పులు గోతాంలోకి పోతాయి. బుడన్ సాయిబు చెప్పులంటే చెప్పులా అవి, నాలుగుచోట్ల కుట్లు, ఒకదానికి తోలు వారుకు బదులు తాడు. అయినా గురువు మాట. కాశింపీరా వాటి పక్కన కొయ్యలా నిలబడ్డాడు.

రెండున్నర అయింది. మూడయింది. గురువు రాలేదు. జేబులో కాగితం చెమటకు మెత్తబడింది.

అప్పుడు ఆవరణకు అవతల, ముందువాకిట్లో, చిమ్మేవాడు గోతాం పట్టుకొని వస్తూ కనిపించాడు. ఒక జత వేశాడు. ఇంకో జత. మూడోది కాశింపీరాది.

"ఓయ్! అవి నావి!"

"మనిషేడీ?" అని అరిచాడు చిమ్మేవాడు.

"ఇక్కడున్నా!"

"అక్కడుంటే నాకేం తెలుసు? చెప్పుల దగ్గరుండాల!"

గోతాం నోరు మూసుకుంది. కాశింపీరా ఒక అడుగు ముందుకేసి, గురువు చెప్పుల వైపు చూసి, మళ్లీ వెనక్కేశాడు.

నాలుగు దాటాక బుడన్ సాయిబు తాపీగా వచ్చాడు.

"నావి ఉన్నాయా?"

"ఉన్నాయి సామీ."

"నీవి?"

"గోతాంలో పడేసినాడు."

"అదేంది, దగ్గర లేవా?"

"ఎట్లుంటా సామీ?" కాశింపీరాకు కోపం ఆగలేదు. "మీ వాటి దగ్గర నిలబడి ఉంటి గదా! నావి చూసుకోనీకి నేనేమన్నా..."



బుడన్ సాయిబు వంగి, తాడు వారు సర్దుకొని, చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. అతని మొహం వైపు చూడలేదు.

"పోయి అడుగుదాం పద," అన్నాడు. "నువ్వు యాడుంటివో చెప్పనీకి నేనున్నా."

కాశింపీరా జేబులో చెయ్యి పెట్టాడు. మెత్తబడిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి గుప్పిట్లో పట్టుకున్నాడు. గోతాం ఉన్నది ముందువాకిలి వైపు. అతను వెనకవాకిలి దాటి వట్టికాళ్లతో రోడ్డెక్కాడు. తారు ఇంకా కాలుతూనే ఉంది.

"చెప్పులు?" అని పిలిచాడు బుడన్ సాయిబు.

"ఐదింటికి ఆఫీసు మూసేస్తారు సామీ," అన్నాడు కాశింపీరా, వెనక్కి తిరగకుండానే.