సున్నిపిండికి దొరికిన మేడగది

ఏటిపాలెం దొర ఏడాదికి సరిపడా సున్నిపిండి ఒకేసారి ఆడించి, పన్నెండు జాడీలకెత్తించి మేడగదిలో పెట్టించాడు. ముసురు పట్టగానే పనిమనిషి సుంకమ్మను పిలిచాడు.

"మేడగది నా వేటకుక్కలకి కావాలి. జాడీలు నీ గుడిసెలో పెట్టుకో. పిండి పాడైందో, నిన్ను ఊళ్ళోంచే గెంటేస్తా!"

సుంకమ్మకి ఒళ్ళు మండింది. ఉరిసే ఆ గుడిసెలో ఆమె రెండేళ్ళ కూతురు దగ్గి దగ్గి చిక్కి సగమైంది. పొడిచోటు ఇప్పించమని నిరుడు కాళ్ళు పట్టుకుంటే నవ్విందీ దొరే.

ముందుగా ఒక్క జాడీ మాత్రం తీసుకెళ్ళింది. వారానికి దాన్ని తెచ్చి దొర ముందు మూత తీసింది. పిండి నిండా పచ్చటి బూజు!

దొర ముక్కు మూసుకున్నాడు. "పాడుచేశావు కదే!"

"మీ ఇంట కట్టిన గుడ్డమూత ఇప్పుడే, మీ ముందే విప్పాను దొరా. ఆ గుడిసె చెమ్మే అంత. తక్కిన పదకొండూ అక్కడికే మార్చమంటారా?"

"వద్దొద్దు! ఒంటికి రాసుకునేది! కుక్కల్ని ఇంకెక్కడైనా కట్టిస్తా, జాడీలు మేడమీదే ఉంచు."

"అక్కడైనా ముసురు వదిలేదాకా కుంపటి పెట్టి, రాత్రింబవళ్ళు కనిపెట్టుకోవాలి. చంటిపిల్లతో నావల్ల ఎక్కడవుతుంది దొరా?"

"దాన్నీ తెచ్చుకుని అక్కడే ఏడువు! నా పిండి జాగ్రత్త."

పొడినేల మీద, కుంపటి వెచ్చదనానికి పిల్ల దగ్గు సద్దుమణిగింది. వంటమనిషి తొంగిచూసి ఆశ్చర్యపోయింది.

"దొరకి పిల్ల మీద జాలి కలిగిందా అక్కా?"

"పిల్ల మీద కాదే, పిండి మీద."