మంచం దిగని సెలవు

ఉప్పలగుంటలో అప్పలకొండ ఇంటివాళ్ళకి తెలివి ఎంత ఎక్కువంటే, ఊరందరికీ కాస్త కాస్త పంచినా ఇంకా మిగులుతుందని వాళ్ళే చెప్పుకునేవారు. "మన గొప్పంతా ఎక్కడుంది? చెప్పిన మాట చెప్పినట్టు వినడంలో ఉంది" అనేవాడు అప్పలకొండ మీసం దువ్వుకుంటూ.

అతని కొడుకు సూరయ్యకి మంచినీళ్ళ ట్యాంకు దగ్గర ఉద్యోగం. ట్యాంకు నింపడం, ఆపడం అతనొక్కడికే తెలుసు. మేనేజరు కామేశం గారికి తెలియదు. మేనేజరుకి అవన్నీ ఎందుకు, సంతకం వస్తే చాలదూ!

ఒకరోజు సూరయ్యకి జ్వరం వచ్చింది. డాక్టరు చూసి, "తగ్గేదాకా మంచం దిగకు. ఒళ్ళు తడవనివ్వకు. హాయిగా నిద్రపో" అన్నాడు. సెలవు పెట్టి, వసారాలో మంచం వేయించుకుని సూరయ్య కళ్ళు మూశాడో లేదో, ఫోను మోగింది.

"సెలవులోనే ఉండు సూరయ్యా, నేను వద్దన్నానా? ఊరికే ఒక్కసారి ఆఫీసుకి వచ్చిపో" అన్నారు కామేశం గారు.

"ఒళ్ళు కాలిపోతోంది బాబుగారూ, కాసేపు పడుకోనివ్వండి..."

అటువైపు ఫోను ఎప్పుడో పెట్టేశారు.

"ఇప్పుడేటి చేద్దాం మావా? డాక్టరు దిగొద్దన్నాడు, మేనేజరు రమ్మన్నాడు" అంది సూరయ్య పెళ్ళాం నూకాలు.

"ఇద్దరి మాటా పోకూడదు. మంచంతో సహా పోదాం!" అన్నాడు అప్పలకొండ.

అంతే. నలుగురు చుట్టాలు తలో కోడూ పట్టుకున్నారు. గాలి తగలకుండా నూకాలు తల మీదుగా దుప్పటి కప్పింది. ఇంకేముంది, దారిపొడుగునా కొట్లు మూసేశారు. "పాపం, చిన్న వయసు" అని ఒకాయన పూలు చల్లాడు. అవి దుప్పటి సందులోంచి ముక్కులోకి పోయి సూరయ్య గట్టిగా తుమ్మాడు. సగం ఊరు పారిపోయింది. మిగతా సగం వెనకాలే ఆఫీసుకి వచ్చింది.

ఆఫీసు గుమ్మంలో మంచం పట్టలేదు. రోగి దిగకూడదాయె! తలుపులు, ద్వారబంధం ఊడబీకేశారు. కామేశం గారు లబోదిబోమన్నారు. "ట్యాంకు నింపాలంటే ఏది తిప్పాలో చెప్పి ఏడు!"

"ఎర్ర చక్రం" అన్నాడు సూరయ్య నీరసంగా.

ఆయన తిప్పారు. నీళ్ళొచ్చాయి. ఎలా ఆపాలో ఆయన అడగలేదు. అడగనిది చెప్పడం వీళ్ళకి ఇంటా వంటా లేదు.

"ఇక పొండి! సెలవులో ఉన్నవాణ్ణి ఎవరు పిలిచినా, ఆఖరికి నేను పిలిచినా, ఇంట్లో ఒక్కరు కూడా పలకొద్దు!" అన్నారు కామేశం గారు. వచ్చిన జనమంతా చూస్తుండేసరికి పాపం ఆయనకి ధర్మం గుర్తొచ్చింది.

మంచం మళ్ళీ వసారాలోకి చేరింది. సాయంత్రానికి ట్యాంకు నిండింది, పొంగింది, వీధిన పడింది. కామేశం గారు పంచె ఎగ్గట్టి, నీళ్ళలో పడుతూ లేస్తూ వచ్చారు.

"సూరయ్యా! ఎలా ఆపాలయ్యా?"

వసారాలో అందరూ ఆయన మొహంలోకే చూస్తూ కూర్చున్నారు. ఒక్కరూ పలకలేదు.

"అప్పలకొండా! నేనయ్యా, మేనేజర్ని! ఊరు మునిగిపోతోంది!"

అప్పలకొండ నోటిమీద వేలేసి, 'చూశారా, మీ మాటంటే మాకెంత గురో' అన్నట్టు నవ్వాడు.

ఈలోగా నీళ్ళు వసారా ఎక్కాయి. మంచం తేలింది, మెల్లగా వీధిలోకి సాగింది. "దిగవయ్యా! దిగి ఆ చక్రం కట్టు!" అంటూ కామేశం గారు మంచం కోడు పట్టుకుని ఈడ్చుకుపోతున్నారు. వాన చుక్క లేదు. అయినా నూకాలు నడుం లోతు నీళ్ళలో వెనకాలే పరుగెడుతూ, మొగుడు తడవకుండా గొడుగు పట్టింది.

ఆ ఊపుకి సూరయ్యకి ఎట్టకేలకు హాయిగా నిద్ర పట్టింది.