గోడ మీద ఎల్లాజీ చెయ్యి

ఇలా రా, నా పక్కన పడుకో. మామిడిరసం చేతులు గోడకేసి కొట్టి, మీ అమ్మ కసిరిందని మూతి మూడు వంకరలు తిప్పుతావేం? కథ చెబుతాలే. కానీ ఊఁ కొట్టాలి. ముందే చెబుతున్నా, ఇది నవ్వుకునే కథ కాదు.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక పేట. ఆ పేటలో వరాలు అని ఒకావిడ ఉండేది. వాళ్ళాయన ఎల్లాజీ పడవలకు రంగులేసేవాడు. ఉప్పుగాలికి ఇంట్లో సున్నం ఏడాది తిరక్కుండానే రాలిపోతోందని, పడవలకు వేయగా మిగిలిన ముదురు నీలం ఆయిలు రంగు తెచ్చి లోపలి గోడలన్నిటికీ పూసేశాడు. "నీళ్ళలో నానే పడవ మీదే ఆగుతుంది, గోడ మీద ఆగదేటే?" అన్నాడు. ఆగింది. గట్టిగానే ఆగింది.

రంగు పచ్చిగా ఉండగానే ఎక్కిన స్టూలు కదిలితే పడిపోకుండా కిటికీ పక్కన గోడకు అరచెయ్యి ఆన్చాడు. ఐదు వేళ్ళూ అచ్చు పడ్డాయి. చిక్కటి రంగు కదా, ముట్టుకుంటే గీతలు కూడా చేతికి తగిలేవి. దిద్దేస్తానన్నాడు ఎల్లాజీ. "ఉండనీయ్, నీ చెయ్యే కదా" అంది వరాలు.

ఆ తర్వాత రెండేళ్ళకు జ్వరమొచ్చి ఎల్లాజీ పోయాడు. చూసుకుందామంటే ఒక ఫోటో అయినా లేదు. ఆ అరచెయ్యి ఒక్కటే మిగిలింది. వరాలు పొద్దున్నే లేచి దాని మీద తన చెయ్యి పెట్టి, అప్పుడు కుట్టుమిషను ముందు కూర్చునేది. పేటలో ఆడవాళ్ళందరి రవికలూ ఆవిడే కుట్టేది. అదే ఆవిడ కూడు. ఊఁ కొడుతున్నావా?

కొన్నాళ్ళకు కుట్టులో తప్పులు మొదలయ్యాయి. ఒకరి రవికకు ఒక చెయ్యి పొట్టి, ఒక చెయ్యి పొడుగు. ఇంకొకరి పచ్చ రవికకు ఎర్రదారం. ఆ తర్వాత ఒకనాడు మిషను సూది వేలిలోనే దిగిపోయింది.

ఎల్లాజీ అక్క నూకరత్నం పక్కింట్లోనే ఉండేది. పరుగున వచ్చి వేలికి గుడ్డ కట్టింది. "ఓపాలి కళ్ళాసుపత్రికి పోదామే" అంది.

"నా కళ్ళకేటైంది వదినా? ఈ నీలం గోడలే వెలుతురంతా మింగేస్తన్నాయి" అని కస్సుమంది వరాలు.

బయట ఎండలో కాస్త కనిపించేది. లోపలికొస్తే అంతా మసక. అందుకని తప్పంతా గోడలదే అనుకుంది, పిచ్చిది. గోడలు తెల్లగా చేసుకుంటే మళ్ళీ సూదిలో దారం ఎక్కుతుందనుకుంది.

అప్పుడు వదినా మరదళ్ళిద్దరూ సున్నం నానబెట్టి, కుంచెతో గోడలకు పూశారు. ఎల్లాజీ చెయ్యి ఉన్నచోటు మాత్రం జానెడు మేర వదిలేశారు. ఆయిలు రంగు మీద సున్నం పట్టదని వాళ్ళకేం తెలుసు? మూడోనాటికి అప్పడాల్లా లేచి కుడుతున్న బట్టల మీదే రాలింది.

వానలు వెళ్ళాక పట్నం నుంచి డిస్టెంపరు డబ్బా తెప్పించారు. మూడు పూతలు వేశారు, చెయ్యి చుట్టూ జాగ్రత్తగా. అయినా కింది నీలం దెబ్బ తగిలి కమిలినట్టు పైకి కనిపిస్తూనే ఉంది. వీపు ఆనిస్తే చాలు, రంగు ఊడి చీరకంటుకునేది. అప్పటికి వరాలు చేతిలో సూది కూడా సరిగ్గా కనిపించడం లేదు. "రంగు తెల్లబడితే అన్నీ సర్దుకుంటాయి" అని అదే పాట.

ఆ తర్వాత ఎండాకాలంలో సూరప్పడు వచ్చాడు. ఎల్లాజీ దగ్గరే పని నేర్చుకున్న మేస్త్రి. గోడ గోకి చూసి, "ఇలాక్కాదక్కా. ముందు గరుకు కాగితంతో గోడంతా రుద్దాలి. నునుపు పోవాలి. ఆ తర్వాత ప్రైమరు రెండు పూతలు. అదుంటేనే కింది నీలం పైకి రాదు, పైన తెలుపు నిలబడుద్ది" అన్నాడు.

"కిటికీ పక్కన మాత్రం వదిలేయ్ రా" అంది వరాలు.

సూరప్పడు తలొంచుకున్నాడు. వాడికీ తెలుసు అది ఎవరి చెయ్యో. "వదిలితే అక్కణ్ణుంచే పెచ్చు లేస్తాదక్కా" అన్నాడు.

వరాలు ఆ చేతిమీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. నూకరత్నం వద్దే వద్దే అంటూనే ఉంది. తమ్ముడిది మిగిలింది అదొక్కటే కదా, ఆవిడ కడుపు మండదూ? కానీ కుట్టకపోతే వరాలు ఎలా బతుకుతుంది? "రుద్దేయ్ రా" అని చెప్పి, అరుగు మీదకు పోయి చెవులు మూసుకుని కూర్చుంది.

మొదటిరోజు రుద్దాడు. రెండోరోజు ప్రైమరు వేశాడు. మూడోరోజు తెల్లరంగు వేశాడు. వేసి, ఆరబెట్టి, మర్నాడు మిట్టమధ్యాహ్నం కిటికీలు తలుపులు బార్లా తీసి వరాలును లోపలికి పిలిచాడు. ఇల్లంతా పాలతో కడిగినట్టుంది. వద్దన్న నూకరత్నం కూడా నోరు తెరిచి చూసింది.

వరాలు నట్టింట్లో నిలబడి నాలుగు పక్కలకూ తల తిప్పింది. అప్పుడు మెల్లగా అడిగింది.

"సూరప్పడూ, తెల్లరంగెప్పుడు మొదలెడతావు రా?"

వాడు నూకరత్నం వైపు చూశాడు. నూకరత్నమే, "ఇంకా ఆరలేదే. ఆరితే తెల్లబడుద్ది" అంది.

వరాలు గోడ మీద చెయ్యేసింది. తడి లేదు. గోడ పట్టుకునే కిటికీ దాకా నడిచింది. అక్కడ కిందా పైనా తడిమింది, పక్కన తడిమింది. ఎక్కడా ఒక్క గీత కూడా తగల్లేదు. గోడంతా నున్నగా ఉంది.

"అయ్యో, చేతులారా చెరిపేసుకున్నానే వదినా" అని అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ తర్వాత పట్నం డాక్టరు చూసి, ఏడాది ముందొచ్చి ఉంటే ఏమైనా చేసేవాణ్ణి అన్నాడట. మిషను మూల పడింది. నూకరత్నమే రెండు పూటలా అన్నం తెచ్చి పెట్టేది. అయినా వరాలు పొద్దున్నే లేచి, కిటికీ పక్కన గోడ తడిమేది. రోజూ తడిమేది.

ఏం, నీకూ కళ్ళల్లో నీళ్ళొచ్చాయా? నాకూ వచ్చాయి లేవే. నీ మామిడిరసం చెయ్యి అలాగే ఉండనీ అని మీ అమ్మకు చెప్పాను. ఇక కళ్ళు మూసుకో.

గోడకు తెలుపు వచ్చింది,
కంటికి వెలుగు పోయింది.
కథేమో కంచికి నడిచింది,
మనకేమో ఇల్లే మిగిలింది.