రంగు కోసం ఆగిన గోరింక

మామిడితోట చివర ఒక ఎరువు కుప్ప ఉంది. పేడ, కుళ్ళిన ఆకు, చీకిపోయిన కొబ్బరి దుంగ ఒకటి. అందులో కొమ్ము పురుగుల కాపురం. మట్టిగూట్లో నిద్రపోయి, పాత చర్మం విప్పుకుని లేచిన పురుగు పెంకు కుదిరేదాకా గూడు దాటకూడదని వాళ్ళ ఇంటి ఆచారం.

ఆచారం పురుగులకు గానీ పారకు తెలుస్తుందా? ఆ ఉదయం తోటమాలి మొక్కలకు ఎరువు తవ్వుతుంటే ఒక్క పోటుకు గూడు రెండు ముక్కలైంది. అతను తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు. పగిలిన గూట్లో, అప్పుడే లేచిన కుర్ర పురుగు పాలమీగడలా తెల్లగా, మెత్తగా పడి ఉంది. దాని కాళ్ళు ఇంకా నిలవడం లేదు.

మామిడి కొమ్మ మీది గోరింక చూసింది. టక్కున వచ్చి వాలింది.

"ఓరి నాయనో! పొద్దున్నే వెన్నముద్ద!"

కొబ్బరి దుంగ కింద నుంచి కుర్ర పురుగు పెద్దమ్మ ఇదంతా చూసింది. తను పాక్కుంటూ వెళ్ళేలోపు పిల్లవాడు గోరింక పొట్టలో ఉంటాడు. ఇక మిగిలింది నోరొక్కటే.

"తినమ్మా తిను. పచ్చిదే తిను," అంది లోపలి నుంచి.

గోరింక ముక్కు ఆగింది. "ఎవరది?"

"కుప్పలో కాపురముండే ముసలిదాన్ని."

"బయటికొచ్చి మాట్లాడు."

"మాలో పగటిపూట ఎవరూ గడప దాటరమ్మా. నా సంగతి నీకెందుకు, నువ్వు కానీ. ఇంకా రంగే రాలేదు. ఏం చేస్తావు, ఆకలి అలాంటిది!"

గోరింకకు రోషం పొడుచుకొచ్చింది. "నాకు చెబుతున్నావా? ఈ తోటలో ఏ కాయ ఏ పూట మగ్గుతుందో నన్నడుగు. రంగు రాకముందు రాయి. రంగొచ్చాక మెత్తన." అంతలో దానికే ఒక ఆలోచన తట్టి కళ్ళు పెద్దవి చేసింది. "ఇదేమో ఇప్పుడే ఇంత మెత్తగా ఉంది. ఇక రంగు కూడా వస్తేనా, నోట్లో వేసుకోగానే కరిగిపోతుంది!"

"ఎంత తెలివే తల్లీ నీకు! రంగు మాత్రం వస్తుంది. ఒట్టేసి చెబుతాను."

"ఆగుతాను. కాళ్ళు నిలవని వెధవ, ఎక్కడికి పోతాడు?" అని గోరింక పక్క కొమ్మ మీద కూర్చుంది.

ఎండ ఎక్కేసరికి తెల్లటి వీపు తేనె రంగుకు తిరిగింది. కొమ్ము కొస ఎర్రబడింది. కుర్ర పురుగు కెవ్వుమంది.

"పెద్దమ్మా! నేను మాడిపోతున్నాను! చచ్చిపోతున్నానా?"

"మెల్లగా మాట్లాడు నాయనా," అని పెద్దమ్మ గుసగుసలాడింది. "అది చావు కాదురా, తోడు. పాలలో మజ్జిగ చుక్క వేస్తే తోడుకోదూ? అలాంటిదే నీ చర్మంలోనూ ఉంది. గాలి అందితే అది లోపలి రసాన్ని మారుస్తుంది. ఆ రసం చర్మంలోని పోగుల్ని ఒకదానికొకటి అతికిస్తుంది. అతికేకొద్దీ నలుపు, గట్టిదనం రెండూ వస్తాయి. కదలకుండా పడుకో."

చదువుకున్నవాళ్ళు ఆ తోడును ఎంజైము అంటారు. కోసిన వంకాయ ముక్క గాలికి నల్లబడేదీ అలాంటిదాని వల్లే. వంకాయ నల్లబడి ఊరుకుంటుంది, పురుగు కవచం కట్టుకుంటుంది.

మధ్యాహ్నం గోరింక కిందికి దిగింది. "ఎర్రబడిందే! ఇక తినేయనా?"

పెద్దమ్మ తొంగి చూసింది. పెంకు ఇంకా తోలులాగే ఉంది.

"తినెయ్యమ్మా. దోరకాయ తినేవాళ్ళూ లోకంలో ఉన్నారు."

"దోరకాయలు ఉడుతలు తింటాయి. నేను కాదు!" అని గోరింక మళ్ళీ కొమ్మెక్కింది. ఆలస్యం అమృతం విషం అన్న మాట దానికెవరూ చెప్పలేదు. చెప్పినా విననిచ్చే నోరా అది?

పొద్దు వాలేసరికి కుర్ర పురుగు నేరేడు పండులా నల్లగా నిగనిగలాడింది.

"పండింది!" అంటూ గోరింక ఎగిరి వచ్చి ఒక్కసారిగా నోట్లో వేసుకుంది.

టక్!

గోరింక కళ్ళు బయటికొచ్చాయి. కరగలేదు. నలగలేదు. కొమ్ము అంగిట్లో దిగింది. ముళ్ళ కాళ్ళు ఆరూ గొంతును పట్టుకున్నాయి. మింగలేదు, కక్కలేదు. నేల మీద పడి రెక్కలు టపటపా కొట్టుకుంది.

"ఏమ్మా, కరిగిందా?" అంది దుంగ కింది గొంతు.

గోరింక తల నేలకేసి బాదుకుంటే చివరికి పురుగు ఊడిపడింది. కాసేపు వెల్లకిలా కొట్టుకుని, తిరగబడి, పెంకు కింది రెక్కలు విప్పి, బుర్రుమంటూ కొబ్బరిచెట్ల వైపు ఎగిరిపోయింది.

గోరింక చీలిన ముక్కుతో నివ్వెరపోయి చూసింది. "పండితే... రాయవుతుందా? ఎక్కడైనా?"

"కాయైతే మెత్తబడేవాడే," అంది పెద్దమ్మ. "మావాడు పురుగమ్మా!"

ఒక చెట్టు దగ్గర నేర్చిన తెలివితో లోకమంతా కొరకబోతే ముక్కు పగలక మానదు.