నూకాలు పొద్దు

అనగా అనగా అనుకుంటూ బాగా వెనక్కి వెళ్తే, సముద్రం ఇప్పటికంటే ఓ కూతవేటు అవతల ఉన్న రోజులవి. ఆ ఒడ్డున ఒక ఉప్పుపల్లె. ఆ పల్లెలో నూకాలు అని ఒక మనిషి.

నూకాలుకి మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉప్పుమళ్ళలో పని. తెల్లారగానే మడిలోకి దిగేది, పొడుగు కర్రకి బిగించిన చెక్కతో ఉప్పు లాగేది, గట్టుమీద పోగు పెట్టేది. మర్నాడు మళ్ళీ దిగేది, మళ్ళీ లాగేది, మళ్ళీ పోగు పెట్టేది. లాగిన ఉప్పు బళ్ళెక్కి పోయేది. పోగా మిగిలింది వానకి కరిగేది. అరికాళ్ళు పగిలి, కళ్ళు మండి, సాయంత్రానికి ఆమె కూడా కొంచెం కరిగినట్టే ఉండేది.

పొద్దు వాలేవేళ ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగుమీద కూర్చునేది. చిరిగిన చీరల పేలికలు ముందేసుకుని బొంత కుట్టేది. ఎర్రముక్క పక్కన పచ్చముక్క, పచ్చముక్క పక్కన నల్లముక్క. ఎవరో అడిగారని కాదు. ఊరికే, ఇష్టం.

"ఒల్లు పులిసిపోయి ఒచ్చావు కదే, తొంగోరాదా?" అనేవాళ్ళు ఇరుగుపొరుగు.

"పగలంతా ఉప్పుది. ఈ కాస్త పొద్దు నాది," అనేది నూకాలు.

ఒకనాడు తనతోపాటు మడిలోకి దిగే గవరమ్మ వచ్చి అరుగు చివర కూర్చుంది. ఆమె మొగుణ్ణి అంతకుముందే సముద్రం తీసుకుంది. నూకాలు కాస్త జరిగి, సూదిలో దారం ఎక్కించి చేతిలో పెట్టింది.

"నాకు రాదప్పా."

"నాకు పుట్టగానే ఒచ్చిందేటి? పొడు. ఒంకరైతే ఇప్పుదాం."

వంకరే పడింది. విప్పారు. కొన్నాళ్ళకి గవరమ్మ తన మొగుడి పంచె చింపి తెచ్చింది. ఆ రోజు కుట్టు తిన్నగా పడింది.

తర్వాత అదే మళ్ళలో పనిచేసే అసిరితల్లి వచ్చింది. అత్తతో, తోడికోడలితో, వీధికుక్కతో కూడా తగువాడే మనిషి.

"కుట్టు పెద్దదయింది. ఇప్పు," అంది నూకాలు.

"ఇప్పను."

"ఇప్పకపోతే రేపు కాలివేలు దూరి చిరుగుతాది. పొడవడం ఎంతో ఇప్పడమూ అంతేనే అమ్మా."

గొణుక్కుంటూ విప్పింది. మళ్ళీ కుట్టింది, మళ్ళీ విప్పింది. పళ్ళమధ్య దారం ఉన్నంతసేపూ ఎవర్నీ తిట్టలేకపోయింది. వీధికి అదే పదివేలు.

వాళ్ళ కుట్లు దిద్దడంలో నూకాలు సొంత బొంత సగంలో ఉండిపోయింది. అడిగితే, "ఆళ్ళ ఏళ్ళు కదుల్తంటే నాను కుట్టినట్టే ఉంటాది," అనేది.

ఒక ఏడు నడివేసవిలో అకాలవాన కురిసింది. గట్లమీది పోగులన్నీ ఒక్క మధ్యాహ్నంలో కరిగిపోయాయి. ఉప్పుమళ్ళ ఆసామి వచ్చి, మేస్త్రి దాలయ్య మీద కేకలేశాడు. దాలయ్య వచ్చి కూలీల మీద కేకలేశాడు.

"ఇయ్యాల్టినించి పొద్దుగూకినా పనే! దివిటీలు ఎలిగిత్తాం!"

మొదటి సాయంత్రం అందరూ చేశారు. రెండో సాయంత్రం చేశారు. ఆ పూట పడుకున్నాక నూకాలు రోజంతా ఏం చేశానా అని తలుచుకుంది. ఉప్పు తప్ప ఏమీ గుర్తురాలేదు. మూడో సాయంత్రం చెక్క గట్టుమీద పెట్టేసింది.

"ఏటే నూకాలూ?" అన్నాడు దాలయ్య.

"పొద్దు వాలింది బావూ. ఎల్తన్నాను."

"ఎల్తే రేపు రాకు!"

ఆ వయసులో నూకాలుకి ఇంకెవరు పనిస్తారు? గంజి ఎక్కణ్ణించి వస్తుంది?

"ఒద్దంటే రాను బావూ. పగలంతా ఉప్పుది. ఈ కాస్త పొద్దు నాది."

నడిచింది. వెనక ఒక చెక్క పడిన చప్పుడు. గవరమ్మ. ఇంకో చెక్క, దాంతోపాటు నాలుగు తిట్లు. అసిరితల్లి. ఆ తర్వాత పడిన చెక్కలు ఎవరివో తెలియలేదు. దాలయ్య దివిటీల మధ్య ఒక్కడే నిలబడిపోయాడు.

మర్నాడు పొద్దు వాలేవేళ దాలయ్య అరుగు దగ్గరికొచ్చాడు. తగువుకే వచ్చాడనుకున్నారు. అతను కూలబడ్డాడు. పాదాలు ఉబ్బి ఉన్నాయి.

"ఆసామి నన్ను కుక్కని తిట్టినట్టు తిట్టాడు. నానూ అలిసిపోనాను నూకాలూ. నిద్దరే పట్టదు. మీరు ఇక్కడేటి సేత్తారు?"

నూకాలు జరిగింది. దారం ఎక్కించింది.

"మగోడికి సూదేటి?"

"వలలు కుట్టేది మగోళ్ళు కారేటి? పొడు బావూ. ఒంకరైతే ఇప్పుదాం."

మర్నాడు అందరూ మామూలుగా పనిలోకి దిగారు; ఆ మళ్ళలో ఇంకెప్పుడూ దివిటీలు వెలగలేదు.

ఆ చలికాలమే నూకాలు మంచాన పడింది. సగంలో ఆగిన ఆమె బొంత చూసి గవరమ్మ, అసిరితల్లి, దాలయ్య ముగ్గురూ మంచం చుట్టూ కూర్చుని కుట్టారు. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. ఎప్పుడో ఒకసారి తెరిచి చూసింది.

"బావూ, ఆ కుట్టు పెద్దది."

దాలయ్య విప్పాడు. అదే ఆమె ఆఖరిమాట. బొంత పూర్తయ్యేసరికి ఆమె లేదు. అయినా కప్పారు. దాంతోనే సాగనంపారు.

ఇప్పుడు సముద్రం దగ్గరికి వచ్చేసింది. ఉప్పుమళ్ళు ఇంకా ఉన్నాయి, అలసటా ఉంది. ఆ పల్లెలో మునిమాపువేళ ఒకరు సూదితోనో, వలతోనో, డోలక్కుతోనో కూర్చుంటే, పక్కన నేర్చుకునేవాళ్ళు చేరితే, వాళ్ళని ఎవరూ కదపరు. ఇంట్లోంచి ఎవడైనా మంచినీళ్ళు తెమ్మని అరిస్తే, "ఊరుకో, అది నూకాలు పొద్దు," అంటారు.

అరిచినవాడు నోరు మూసుకుని, కుండ దగ్గరికి వెళ్ళి, తానే ముంచుకుని తాగుతాడు.