గీత బయట నిలబడాల్సిన దుప్పి

అనగనగా ఒక అడవిలో, పొద్దెక్కినా మంచు విడవని లోయలో, జంతువుల పిల్లలకో హైస్కూలు ఉండేది. అడవిలో హైస్కూలేమిటని అడగకండి, ఉండేదంతే. దాని వెనక మెత్తటి పచ్చిక మైదానం. పొద్దున్నే అక్కడ బంతి తన్నితే అది మంచులోకి మాయమై, కాసేపటికి ఎటునుంచో మెల్లగా దొర్లుకుంటూ వచ్చేది. పిల్లలకు నిద్రలో ఆడుతున్నట్టే ఉండేది.

ఆ మైదానంలో పేరు మోసిన ఆటగాడు చుక్కన్న అనే దుప్పి. మొన్నటి వానల్లో జారిపడి కుడి మోకాలు పాడైంది. పరిగెత్తడం ఇక కుదరదన్నారు. అప్పట్నుంచి అతనికి కళ్లు మూస్తే బంతే. కలలో పచ్చిక మీద తేలుతూ వెళ్లేవాడు, లేచేసరికి మోకాలు సలిపేది. బంతి లేకుండా ఎలా బతకాలో తెలియక లోలోపల కుమిలిపోయేవాడు.

అలాంటప్పుడు స్కూల్లో ఫుట్‌బాల్ కోచ్ కావాలని కబురొచ్చింది. చుక్కన్నకు ప్రాణం లేచొచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ ఏనుగు తాయారమ్మగారి దగ్గరికి కుంటుకుంటూ వెళ్లి, తను కొట్టిన గోల్స్ అన్నీ ఏకరువు పెట్టాడు. ఆవిడ ఓపిగ్గా విని, అవన్నీ ఆటగాడికి కావలసినవి, కోచ్‌కి కావలసినవి వేరే మూడున్నాయని చెప్పింది. ఆట నియమాలు పొల్లుపోకుండా తెలియాలి. పిల్లలకు దెబ్బ తగిలితే కట్టు కట్టడం రావాలి. మూడోదేమిటో మాత్రం చెప్పలేదు. పోటీ రోజున మైదానంలో తనే చూస్తానంది.

మనవాడు పట్టుదల మనిషి. అదే, పట్టుదల దుప్పి. నెల తిరక్కుండా నియమాలన్నీ కంఠతా పట్టాడు. కోతి వైద్యుడి దగ్గర కూర్చుని ఆకు పసరు పూయడం, కట్టు కట్టడం నేర్చుకున్నాడు. పిల్లలకు రోజూ ఆట నేర్పాడు. వాళ్లలో బొండు అనే అడవిపంది పిల్లాడు ఉన్నాడు. ఒళ్లు బరువు, కాళ్లు పొట్టి. బంతి తన్నబోయి నేలను తన్నేవాడు. అయినా అందరికంటే ముందొచ్చి, అందరికంటే ఆఖర్న వెళ్లేవాడు. చుక్కన్నకు వాడంటే జాలి. పాపం, వీడి వల్ల ఏమవుతుందిలే అనుకునేవాడు.

పోటీ రోజు వచ్చింది. కొండ అవతలి స్కూలు వాళ్లతో ఆట. చెరో గోల్ అయింది. ఇంకో నిమిషం మిగిలింది. అప్పుడు మంచులోంచి బంతి మెత్తగా దొర్లుకుంటూ వచ్చి మైదానం అంచు గీత దగ్గర ఆగింది. గీతకు ఇటు చుక్కన్న, అటు బొండు. ఎదురుగా గోల్ ఖాళీగా ఉంది. బొండు ఊపిరి బిగబట్టి కాలు వెనక్కి తీశాడు.

చుక్కన్నకు లోకమంతా నిశ్శబ్దమైపోయినట్టనిపించింది. తను కలలో చూసే బంతి అదే, ఆ పచ్చిక అదే. కోచ్ బంతిని ముట్టుకోకూడదని అతనికి తెలుసు. ఆ నియమం కంఠతా వచ్చు కూడా. అయినా ఒక్క అడుగు లోపలికేసి ఎడమ కాలితో కొట్టాడు. ఎంత అందంగా వెళ్లిందో ఆ బంతి! గాల్లో వంగి, మంచును చీల్చుకుని, నేరుగా గోల్లో పడింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ గోల్ చెల్లదని రెఫరీ కొంగ చెప్పి, బంతిని అవతలివాళ్లకిచ్చింది. వాళ్లు ఆ నిమిషంలోనే గోల్ కొట్టి గెలిచారు. చుక్కన్నకు తల కొట్టేసినట్టయింది. పిల్లల దగ్గరికి వెళ్తే బొండు తలెత్తి చూశాడు. వాడు ఏడవడం లేదు.

"మాస్టారూ, నేను కొడితే పోదనుకున్నారా?" అని అడిగాడు.

అబద్ధం చెప్పాలనిపించింది చుక్కన్నకు. చెప్పలేకపోయాడు.

"అవున్రా," అన్నాడు.

బొండు తలూపి, మెల్లగా మంచులోకి నడిచి వెళ్లిపోయాడు. ఆ పూట చుక్కన్నకు మోకాలి కన్నా గుండె ఎక్కువ నొప్పెట్టింది.

తాయారమ్మగారు కోప్పడలేదు. "నీ కాలికి ఇంకా ఆకలి తీరలేదు నాయనా. తీరాక రా," అంది.

ఏడాది పాటు చుక్కన్న రోజూ వచ్చి గీత బయట కూర్చున్నాడు. బంతి కాళ్ల దగ్గరికొచ్చినా ముట్టుకోలేదు, పిల్లలే వచ్చి తీసుకెళ్లేవాళ్లు. మొదట్లో కాలు బంతి వైపు లాగేది. పోనుపోను బంతిని వదిలి పిల్లల మొహాలు చూడటం మొదలెట్టాడు. ఎవరు భయపడుతున్నారో, ఎవరు తిండి తినకుండా వచ్చారో, ఎవరు దెబ్బ దాచుకుంటున్నారో తెలిసేది. కలలు కూడా మారాయి. వాటిలో బంతి తన్నేది ఇప్పుడు పిల్లలే. తను పక్కన కూర్చుని చూస్తుండేవాడు, అయినా హాయిగానే ఉండేది.

అప్పుడు మళ్లీ తాయారమ్మగారి దగ్గరికి వెళ్లాడు. ఈసారి గోల్స్ ఊసెత్తలేదు. ఆవిడ ఒక్కటే అడిగింది, ఆ రోజు నువ్వు కొట్టకపోతే బొండు గోల్ కొట్టేవాడా అని.



"తెలీదమ్మా. తెలుసుకునే అవకాశం వాడికి నేనివ్వలేదు," అన్నాడు చుక్కన్న.

ఆవిడ తొండంతో కోచ్ విజిల్ తీసి అతని మెడలో వేసింది.

నీతి: బాగా ఆడగలిగినంత మాత్రాన ఎవరూ గురువు కాలేరు, పిల్లల వంతు వచ్చినప్పుడు తాను ఆగగలిగినవాడే గురువు.