ఢిల్లీశ్వరి వంతు

పలాసలో పిల్లల ఆశ్రయ గృహాన్ని చూసుకునే వరహాలమ్మకు ఒక్కటే లోపం ఉండేది: తన చేతుల మీద తప్ప లోకంలో ఇంకెవరి చేతుల మీదా ఆమెకు నమ్మకం ఉండేది కాదు.

రైళ్ళలో తప్పిపోయిన పిల్లలు, అమ్మానాన్నలు జబ్బుపడి చూసుకోలేని పిల్లలు, అసలు ఎవరూ లేని పిల్లలు ఇరవై మంది దాకా ఆ ఇంట్లో ఉండేవారు. వాళ్ళకు వంట చేసేది ఆమే, తలలు దువ్వేది ఆమే, జ్వరం వస్తే తడిగుడ్డ వేసేది ఆమే. ఇంటిని నడిపే ధర్మసంస్థ వాళ్ళు "మనుషుల్ని పెట్టుకోండమ్మా, జీతాలు మేమిస్తాం" అని మొత్తుకునేవారు. ఆమె పెట్టుకునేది కూడా. వచ్చినవాళ్ళు నిలవాలి కదా! ఒకావిడ పులుసులో ఉప్పు కన్నా ముందు బెల్లం వేసిందని పంపించేసింది. ఇంకొకావిడ జడ మరీ బిగించి వేసిందని, ఆ తర్వాతావిడ మరీ వదులుగా వేసిందని పంపించేసింది. ఒకతను అన్నీ బాగానే చేసేవాడు. చెప్పకముందే చేసేస్తున్నాడని అతన్నీ పంపించేసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టుండేది ఆవిడ తీరు.

అలాగని ఆమె చెడ్డదనుకునేరు. పిల్లలంటే ఆమెకు ప్రాణం. చెడ్డవాళ్ళు పొరపాటు చేస్తే అందరికీ కనిపిస్తుంది, మంచివాళ్ళు చేసే పొరపాటే ఒక పట్టాన కనిపించదు. అందుకే ఈ కథ చెప్పాల్సి వచ్చింది.

ఇరవై మందిని ఒక్క మనిషి చూసుకోవాలంటే ఊపిరి సలుపుతుందా? అందుకని వరహాలమ్మ వంతులు పెట్టింది. జడకు వంతు, మందుకు వంతు, దెబ్బ తగిలితే చూపించుకోడానికి వంతు, చివరికి కథ చెప్పించుకోడానికీ వంతే. "అందరూ నాకు సమానమే. ఏం కావాలన్నా నన్నే అడగండి. మధ్యలో మాత్రం దూరకండి" అనేది. పిల్లలు బుద్ధిమంతులు. ఆమె ఎక్కడుంటే అక్కడ చేతులు కట్టుకుని వరసలో నిలబడేవారు. చూడవచ్చినవాళ్ళు "ఎంత పద్ధతిగా పెంచారండీ!" అని ముచ్చటపడేవారు. ఆ మాట విన్న రోజు వరహాలమ్మకు ఆకలి కూడా వేసేది కాదు.

ఒకరోజు పిల్లల గృహాలను తనిఖీ చేసే అధికారి ఎస్తేరు రాణి వచ్చింది. గదులు చూసింది, వంటిల్లు చూసింది, పిల్లలతో కాసేపు మాట్లాడింది. చివరికి వరహాలమ్మ వైపు తిరిగింది.

"ఇల్లు అద్దంలా ఉంది. మనుషులేరండీ?"

"నేనున్నాను కదమ్మా!"

"మీరు సరే. పగలు చూసుకోడానికి ఆయా ఉండాలి. రాత్రి మేలుకుని ఉండడానికి ఇంకో ఆయా ఉండాలి. వంటమనిషి, కాపలా మనిషి కావాలి. పిల్లలు మనసువిప్పి మాట్లాడుకోడానికి ఒకరుండాలి. ఇంతమంది పిల్లలకు ఇంతమంది పెద్దలని నిబంధన పెట్టింది ఊరికే కాదు."

వరహాలమ్మకు రోషం వచ్చింది. "అంతమంది చేసే పని నేనొక్కర్తినీ చేస్తున్నాను. మెచ్చుకుంటారనుకున్నాను. పదిమందిని కన్న తల్లి ఇంకో తల్లిని జీతానికి తెచ్చుకుంటుందా?" అంది.

"తెచ్చుకోదు. ఆ తల్లికి అత్త ఉంటుంది, ఆడపడుచు ఉంటుంది, పిలిస్తే పలికే పక్కింటి పిన్ని ఉంటుంది. మీకెవరున్నారు?"

వరహాలమ్మ తల తిప్పుకుని, పక్కనున్న పిల్ల జడ సవరించసాగింది.

"వచ్చే నెల మళ్ళీ వస్తాను. అప్పటికీ మనుషులు లేకపోతే పిల్లల్ని తలా ఒక చోటికి పంపాల్సి వస్తుంది. అది నాకూ ఇష్టం లేదండీ" అని చెప్పి ఎస్తేరు రాణి వెళ్ళిపోయింది.

పిల్లల్ని తలా ఒక చోటికి! ఆ మాటతో వరహాలమ్మ గుండె జారిపోయింది. వారం తిరక్కుండా మనుషుల్ని పెట్టుకుంది. వంటకు దండాసి వచ్చాడు. పగటి ఆయాగా తవిటమ్మ వచ్చింది. రాత్రి ఆయా, కాపలా మనిషి కూడా కుదిరారు. నెల తిరిగాక ఎస్తేరు రాణి వచ్చి అందరినీ చూసి సంతోషించి, పిల్లలతో మాట్లాడే మనిషిని కూడా త్వరలో చూసుకోమని చెప్పి వెళ్ళింది.

కానీ ఆవిడ వెళ్ళగానే వరహాలమ్మ గరిటె తన చేతిలోకి తీసుకుంది. దండాసిని వెల్లుల్లి ఒలవమంది. తవిటమ్మ దువ్వెన ముట్టుకోబోతే "నువ్వు అలా కూర్చోమ్మా, పిల్లలు నాకు అలవాటు" అంది. వాళ్ళకు జీతం అందేది, భోజనం అందేది, పని మాత్రం అందేది కాదు. పొద్దస్తమానం వరండాలో బల్ల మీద కూర్చుని వచ్చేపోయే రైళ్ళ కూతలు వినేవారు. ఉద్యోగాలు నిండాయి గానీ పిల్లల వరస మాత్రం ఎప్పట్లాగే ఉండేది.

ఆ ఇంట్లో ఢిల్లీశ్వరి అని ఏడేళ్ళ పిల్ల ఉండేది. పేరుకే ఢిల్లీశ్వరి, పాపం పక్కనున్న సోంపేట దాటి చూడలేదు. నోట్లో నాలుక లేని పిల్ల. జీడిపిక్కల కాలం వచ్చింది. ఆ ఊళ్ళో పిల్లలకు అదే పండగ. వీధిలో గీత గీసి, పిక్కలు వరసగా పెట్టి కొట్టుకుంటూ ఆడతారు. ఢిల్లీశ్వరి ఆటలో గెలిచిన ఒక పచ్చి పిక్కను లోపలి జీడిపప్పు కోసమని రాయితో చితక్కొట్టింది. జీడి సొన కుడి అరచేతినిండా చిమ్మింది. పచ్చి జీడి సొన ఎలాంటిదో పలాసలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. ఒంటికి తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది.

ఆ పిల్ల ఏడుస్తూ పరుగెత్తుకు రాలేదు. చెయ్యి గౌనులో దాచుకుని వచ్చి వరసలో నిలబడింది. ముందు ఒకడికి దగ్గు మందు పోయాలి, ఒకడికి మోకాలి దెబ్బ కడగాలి. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగాయి. వరహాలమ్మ లోపలికి పరుగెత్తింది. బడి గంట కొట్టారు. ఢిల్లీశ్వరి బడికి వెళ్ళిపోయింది. సాయంత్రం మళ్ళీ వరసలో నిలబడింది. మళ్ళీ వంతు రాలేదు. మర్నాడూ అంతే. జడ వేసేటప్పుడైనా చూడొచ్చు కదా అంటారేమో, జడ వేసేవాళ్ళకు కనిపించేది పిల్లల వీపు, చేతులు కాదు.

మూడో రోజు బడికి సెలవు. మధ్యాహ్నం భోజనాల దగ్గర తవిటమ్మకు అనుమానం వచ్చింది.

"ఏటే గుంటా, ఎడం సేత్తో తింతన్నావు? ఏదీ, ఆ సెయ్యి సూపించు" అంది.

ఢిల్లీశ్వరి చెయ్యి ఇంకా వెనక్కి లాక్కుంది. "అమ్మకే చూపించాలి. నా వంతు వచ్చాక చూపిస్తాను" అంది.

తవిటమ్మ వంటింట్లోకి వెళ్ళింది. "అమ్మగారూ, ఢిల్లీ సెయ్యి..." అనేలోపే వరహాలమ్మ వెనక్కి తిరక్కుండా "చూస్తున్నావుగా, నాకు ఊపిరాడ్డం లేదు. నువ్వు కూడా వరస తప్పితే ఎలాగమ్మా? తర్వాత చెబుదువు గానీ" అంది. ఆయాకు కూడా వంతు పెట్టిందన్నమాట మహాతల్లి! తవిటమ్మ వెళ్ళి వరండాలో కూర్చుంది. కూర్చుందే గానీ మనసొప్పక మళ్ళీ లేచి పిల్ల దగ్గరికి పోయింది. అప్పటికి ఢిల్లీశ్వరి గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుని ఉంది. నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. తవిటమ్మకు ఇంక వంతూ లేదు, వరసా లేదు. పిల్లను భుజాన వేసుకుని వంటింట్లోకి దూసుకుపోయి, ఆ చెయ్యి తెరిచి వరహాలమ్మ ముందు పెట్టింది.

అరచెయ్యి వాచి, బొబ్బలు చితికి, చీము పట్టి ఉంది. వేళ్ళు మడత పడడం లేదు.

వరహాలమ్మ చేతిలోంచి గరిటె జారిపోయింది. తవిటమ్మ, ఆమె కలిసి ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయారు. డాక్టరమ్మ గాయం కడుగుతూ కోప్పడింది.

"ఇంత అశ్రద్ధా! ఇంకొంచెం ఆలస్యమైతే వేళ్ళు ఇలాగే బిగుసుకుపోయేవి. ఇప్పుడైనా గట్టిగా చెప్పలేను. కొన్నాళ్ళు ఇక్కడే ఉంచి చూడాలి. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరూ లేరా?"

ఉన్నారు. కావలసినంతమంది ఉన్నారు.

పిల్లకు కాస్త తెలివి వచ్చాక వరహాలమ్మ అడిగింది. "ఎప్పుడైందే తల్లీ ఇది? నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే నిలబడ్డానమ్మా. నా వంతు రాలేదు."

"పోనీ తవిటమ్మకైనా చూపించొచ్చు కదే!"

"ఏదైనా నీకే చెప్పాలని నువ్వే అన్నావు కదా!"

ఆ పిల్ల నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట అంది. వరహాలమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చిపడింది. ఆస్పత్రిలో పిల్ల దగ్గర ఒకరుండాలి. ఇంటి దగ్గర మిగతా పిల్లలున్నారు. ఆమె లేచి నిలబడింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. ఢిల్లీశ్వరి బాగున్న చేత్తో ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుని వదల్లేదు. చివరికి వరహాలమ్మ బొడ్లోంచి తాళాలు తీసి తవిటమ్మ చేతిలో పెట్టింది.

"ఇంటికి పో తవిటమ్మా. వంట దండాసిని చెయ్యమను. పిల్లల తలలు నువ్వు దువ్వు. పులుసులో..." అని ఆగిపోయింది. "ఏమీ లేదు. ఎలా వస్తే అలా చెయ్యండి" అంది.

"మీకేటీ బెంగొద్దమ్మగారూ. మాకూ పిల్లలున్నారు" అని తవిటమ్మ వెళ్ళింది.

బెంగ లేకుండా ఎలా ఉంటుంది? ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ వరహాలమ్మ మనసు ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉంది. తను లేకపోతే ఇల్లు అల్లకల్లోలం అయిపోతుందని అనుకుంది. ఢిల్లీశ్వరి వేళ్ళు నెమ్మదిగా కదలడం మొదలుపెట్టాయి. గుప్పిట పూర్తిగా మడిచిన రోజు డాక్టరమ్మ ఇంటికి వెళ్ళమంది.

వస్తూనే వరహాలమ్మ ఇల్లంతా కలయజూసింది. దుప్పట్లు తను మడిచినట్టు లేవు. జడలు కొంచెం వంకరగా ఉన్నాయి. కానీ పిల్లలందరూ వేళకు బడికి వెళ్ళొచ్చి పిక్కలాట ఆడుకుంటున్నారు. వరస ఎక్కడా లేదు. ఇద్దరు తవిటమ్మ మెడ చుట్టూ వేలాడుతున్నారు, ఒకడు దండాసి దగ్గర పీట వేసుకుని బఠాణీలు ఒలుస్తూ గలగలా మాట్లాడుతున్నాడు. వాడు వచ్చిన దగ్గర్నుంచి పట్టుమని పది మాటలు మాట్లాడినవాడు కాదు.

తవిటమ్మ ఇన్నాళ్ళ సంగతులన్నీ చెప్పింది. ముకుందం అనే కుర్రాడికి ఎన్నాళ్ళనుంచో పన్ను నొప్పట, డాక్టరుకు చూపించి తీసుకొచ్చారు. ఒక పిల్ల రోజూ పక్క తడిపి, ఎవరూ లేవకముందే దుప్పటి తనే ఉతుక్కుంటోందట. రాత్రి ఆయా కనిపెట్టి, నిద్రలో ఓసారి లేపి తీసుకెళ్తుంటే ఆ బాధ తగ్గిందట. బఠాణీలు ఒలిచేవాడు తన అమ్మ ఏ ఆస్పత్రిలో ఉందో అడగాలని వచ్చిన దగ్గర్నుంచీ అనుకుంటున్నాడట.

వరహాలమ్మకు ముందు ఉక్రోషం వచ్చింది. నిన్నగాక మొన్న వచ్చిన వీళ్ళకు చెప్పుకున్నారా! ఆమె ముకుందాన్ని దగ్గరికి పిలిచింది.

"పన్ను నొప్పి అని నాకెందుకు చెప్పలేదురా?"

"నీకు పని కదమ్మా!" అన్నాడు వాడు.

ఆ ఒక్క మాటతో ఆమె ఉక్రోషం నీరుగారిపోయింది. ఇన్నాళ్ళూ తను చూసి మురిసిపోయిన ఆ వరసలో ఎన్ని నొప్పులు చప్పుడు చేయకుండా నిలబడి ఉండేవో ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఆ రోజుతో వంతులు పోయాయి. తవిటమ్మ తలలు దువ్వేది, దండాసి వండేవాడు. వారం వారం ఒక నర్సు వచ్చి పిల్లల్ని నోటి నుంచి కాలిగోళ్ళ దాకా చూసేది. పిల్లలతో మాట్లాడడానికి ఒక అమ్మాయిని పంపమని వరహాలమ్మే స్వయంగా ఎస్తేరు రాణికి ఫోన్ చేసి అడిగింది. అవతల ఆవిడ కాసేపు నమ్మలేదు. దండాసి వంట మాత్రం వరహాలమ్మకు అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది. మొదట్లో ముద్ద మింగుతూ గట్టిగా కళ్ళు మూసుకునేది, ఒక్క మాటా అనేది కాదు. ఆ మాత్రం ఎదగడం ఏ వయసులోనైనా గొప్పే.

ఒక సాయంత్రం ఆమెకు చెయ్యడానికి పనేమీ లేకపోయింది. ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి ఊరికే మెట్ల మీద కూర్చుంది. ఢిల్లీశ్వరి వచ్చి ఆమె పక్కన ఒదిగి కూర్చుంది.

"ఏం కావాలే?" అంది వరహాలమ్మ అలవాటు కొద్దీ.

"ఏం వద్దు. ఊరికే నీ దగ్గర కూర్చుందామని వచ్చాను" అంది ఢిల్లీశ్వరి.

ఇన్నేళ్ళలో ఏ పిల్లా ఏదో ఒకటి అడగడానికి తప్ప ఆమె దగ్గరికి రాలేదు. వరహాలమ్మ సంతోషంతో ఆ పిల్లను ఇంకా దగ్గరికి తీసుకుంది. ఇద్దరూ చీకటి పడేదాకా అలాగే కూర్చున్నారు.

నీతి: పిల్లల్ని పెంచడానికి ప్రేమ ఒక్కటే చాలదు, సరిపడా మనుషులు కావాలి, మనుషుల్ని పెట్టుకోవడమూ చాలదు, వాళ్ళను నమ్మి పని అప్పగించే మనసు కావాలి.